గ్రౌండాసురుడు

నా బల్ల మీద ఒక షీల్డు ఉంది. పోయిన నెల మా పాత బడివాళ్లు నన్ను ముఖ్య అతిథిగా పిలిచి, శాలువా కప్పి, ఫొటోలు తీసి చేతిలో పెట్టిన షీల్డు అది. చెక్క మీద బంగారురంగు రేకు, రేకు మీద నా పేరు, దాని కింద "మా బడి గర్వకారణం" అన్న ముక్క, వెనక్కి తిప్పితే ఇంకా సరిగా ఆరని జిగురు వాసన. ఆ వాసన ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. చిన్ననాటి కబుర్లు చెప్పమంటే చాలామందికి గొంతు మెత్తబడుతుంది, కళ్లు చెమ్మగిల్లుతాయి. నాకు మాత్రం పళ్లు బిగుసుకుంటాయి. గద్వాలలో గడిచిన నా బాల్యం అందంగా లేదని అనను. కానీ అందాన్ని ఒక్కదాన్నే ఏరి చెప్పడం నాకు చేతకాదు.

మాది నేతగాళ్ల వీధి. తెల్లవారకముందే ఒక ఇంట్లో మొదలైన మగ్గం చప్పుడు పక్కింటికీ, ఆ పక్కింటికీ పాకి, పొద్దు పొడిచేసరికి వీధంతా ఒకే లయలో దడదడలాడుతుండేది. గంజి పట్టించి ఆరేసిన నూలు నుంచి పుల్లటి వాసన, రంగు తొట్ల నుంచి ఘాటు, ఎవరింటి పొయ్యి మీదో కాలుతున్న జొన్నరొట్టె కమ్మదనం అన్నీ కలిసి మా ఊపిరిలో ఉండేవి. గద్వాల చీరకు ఒడలంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగునూ పట్టు పోగునూ వరస వరసకూ ఒకదానికొకటి చిక్కించుకుంటూ పోవాలి కాబట్టి మగ్గానికి ఒక్క మనిషి చాలడు. నేసేవాడి పక్కన కూర్చుని అంచు పట్టు పోగు చుట్టిన నాడె అందించడానికి ఇంకొకరు కావాలి. మా ఇంట్లో నేసేది నాన్న, ఆ ఇంకొకరు ఒక్కోసారి అన్న, ఎక్కువసార్లు నేను.

బడి నుంచి రాగానే అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని అరచేతులు తిప్పి చూసేది, వేళ్ల కొసలు తన చెంపకు రాసుకుని గరుకు తగిలిందేమో పరీక్షించేది, తర్వాత కొబ్బరినూనె రాసి పాతగుడ్డతో తుడిచి మగ్గం దగ్గరికి పంపేది. గరుకు వేలు తగిలితే పట్టు పోగు లేస్తుంది, అంచు మీద నూగు కనబడుతుంది, చీర కొనేవాడు మొహం ముడుస్తాడు. అందుకని మా వీధి ఆడపిల్లలు మట్టిలో ఆడకూడదు, చెట్టెక్కకూడదు, పరుగెత్తి కింద పడకూడదు. సరే, పని అలాంటిది అనుకోవచ్చు. మరి అదే మగ్గం దగ్గర కూర్చునే మా అన్న అరచేతులు క్రికెట్ బ్యాటు పట్టీ పట్టీ ఇటుకల్లా ఉండేవే, వాడి వేళ్లు ఎవరూ చెంపకు రాసుకోలేదేం? వాడి చేతికింద పోగు లేస్తే ఈసారి పట్టు మంచిది రాలేదని పట్టును తిట్టేవాళ్లు. అడిగితే అమ్మ, "వాడు మొగపిల్లగాడు, వాని సంగతి నీకేందే" అనేసి లోపలికి పోయేది.

వానాకాలం వస్తే మాకు పండుగే. తొలి ఏకాదశికి పేలపిండిలో బెల్లం కలిపి ముద్దలు చేసి పెట్టేవాళ్లు. జూరాల ఆనకట్ట గేట్లు ఎత్తారని తెలిస్తే వీధంతా ఆటోలకెక్కి, కృష్ణ నీళ్లు తెల్లగా విరుచుకుపడడం చూసి, ఒళ్లంతా తుంపర్లతో తడిసి, కట్ట దగ్గర వేయించే చేపల వాసన పీల్చుకుంటూ తిరిగొచ్చేవాళ్లం. నాగుల పంచమికి ఆడపిల్లలకు ఉయ్యాలలు కట్టేవాళ్లు. ఏడాదిలో ఆ ఒక్కరోజు మా కాళ్లు నేల వదిలి ఎంత ఎత్తుకు పోయినా ఎవరూ గదమాయించేవారు కాదు. తక్కిన రోజుల్లో కచ్చకాయలు, వామనగుంటలు, అష్టాచెమ్మ. చూశారా, అన్నీ కూర్చుని ఆడేవే. ఆడపిల్ల లేచి నిలబడి ఆడే ఆట పెద్దవాళ్లకు ఒక్కటి కూడా తోచలేదో, తోచినా చెప్పలేదో!

మా బడికి మాత్రం పెద్ద మైదానం ఉండేది. నల్లమట్టి నేల, ఒక పక్క వేపచెట్ల వరస, ఇంకో పక్క జెండా గద్దె. ఆ మైదానంలో ఆడపిల్లల పని ఏమిటో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆటల పీరియడ్ రాగానే పీటీ సారు ఈల ఊది, సున్నంపిండి బస్తా చూపించేవాడు. ముగ్గులు వేసిన చేతులు కాబట్టి మా గీత వంకర పోదని ఆయన నమ్మకం, నమ్మకం నిజమే. మేం వంగి, కబడ్డీ కోర్టుకు నడిమి గీత, బోనస్ గీత, అన్నీ దారం పట్టినంత తిన్నగా పోసి, చేతులు దులుపుకుని వేపచెట్ల కిందికి పోయి కూర్చోవాలి. అప్పుడు మగపిల్లలు వచ్చి ఆడతారు. మేం చప్పట్లు కొట్టాలి. చప్పట్లు పలచబడితే సారు మా వైపు తిరిగి మళ్లీ ఈల ఊదేవాడు. తెల్లచొక్కా, మెడలో ఈల, పొట్ట మీద చేయి. ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గౌరవం పుట్టదు, పుట్టించుకోవాలనీ లేదు.

జమ్ములమ్మ మా తరగతిలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. వీపనగండ్ల దగ్గరి పల్లె, మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. చదువుకోవడానికి గద్వాలలో చిన్నమ్మ ఇంట్లో ఉండేది. వాళ్లమ్మ జమ్ములమ్మ దేవతకు మొక్కుకుంటే పుట్టిందట, అందుకే ఆ పేరు. మేం జమ్ములు అనేవాళ్లం. నల్లగా, సన్నగా, మోకాళ్ల నిండా గాయాల మచ్చలతో ఉండేది. మధ్యాహ్నం భోజనాల గంటకు బడి వెనక సందులో మేం దొంగచాటుగా ఖోఖో ఆడితే, పరుగెత్తే పిల్ల వీపును చేయి చాచి తాకడం కాదు, గాలిలోకి దూకి నేల మీద పడుతూ తాకేది. మట్టి కొట్టుకున్న మొహంతో లేచి నవ్వేది. ఆ పిల్లను చూశాకే నాకు తెలిసింది, ఆట అంటే ఏమిటో.

ఆ సంవత్సరం చుట్టుపక్కల మండలాల బడులన్నింటికీ ఆటల పోటీలు మా మైదానంలోనే జరుగుతాయన్నారు. జమ్ములుకు అది తమాషా కాదు. మా వైపు విత్తన పత్తి చేలలో పువ్వుకు పువ్వు అంటించే పని ఉంటుంది, క్రాసింగ్ అంటారు; మొగ్గలు తెల్లారేసరికి విచ్చుకుంటాయి, వాటికి సన్నటి వేళ్లు కావాలి, కాబట్టి ఆడపిల్లలను బడి మాన్పించి చేలలోకి పంపుతారు. జమ్ములు వాళ్ల అక్క అలా పోయి మళ్లీ పలక పట్టలేదు. జమ్ములు వాళ్ల నాన్న మాత్రం, పిల్లకు ఆటలో పేరొచ్చి జిల్లా జట్టులోకి పోయి క్రీడల హాస్టల్లో సీటు దొరికితే చదివిస్తానని మాటిచ్చాడట. లేకపోతే పత్తి చేనే. పోటీలో నిలబడడం ఒక్కటే ఆ పిల్లకున్న దారి.

మేమంతా కలిసి పీటీ సారు దగ్గరికి పోయాం. ఖోఖో జట్టు పేరు ఇవ్వమని అడిగాం. ఆయన పల్లీలు వొలుచుకుంటూ, "ఆడిపిల్లలు ఆడి ఏం జేస్తరు? గీతలు మంచిగ గీస్తున్నరు గద, గదే జాల్తది" అన్నాడు. నా వైపు తిరిగి, "మీ అమ్మనే చెప్తది, ఆటలాడితె చేతులు పాడైతయని" అన్నాడు. అమ్మ మాట ఆయన నోట వినేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. జమ్ములు మాత్రం ఏడవలేదు. బయటికి వచ్చాక ఉమ్మేసి, "వీడు మనిషి కాదే, రాక్షసుడు" అంది. అప్పటికది తిట్టు మాత్రమే.

మరో వారానికి సైన్సు మేడమ్ బడికి కొత్తగా వచ్చిన పెద్ద తెర మీద కార్టూన్ బొమ్మలు ఎలా కదులుతాయో చూపించింది. బొమ్మ కదలదు, కొంచెం కొంచెం తేడాతో వేసిన బొమ్మలు వరసగా పోతుంటే మన కన్ను కదిలిందనుకుంటుంది. నాకు వెంటనే మా మగ్గం గుర్తొచ్చింది. అంచులో నెమలి ఒకేసారి పుట్టదు. పోగు వెనక పోగు, ఒక్కో వరసకు కాస్త కాస్త జరుగుతూ ముక్కు వస్తుంది, మెడ వంగుతుంది. ఈ పని నా వేళ్లకు ముందే తెలుసు. మా చేతిలో సున్నంపిండి ఉంది, మైదానమంత పలక ఉంది. ఇంకేం కావాలి?

గ్రౌండాసురుడు అలా పుట్టాడు. పేరు జమ్ములు పెట్టింది. కథ అందరం కలిసి కట్టాం. మైదానం అడుగున ఒక రాక్షసుడుంటాడు, వాడికి సొంత ఒళ్లు లేదు. ఆడపిల్లలు పైన ఒక గీత గీస్తే వాడికి ఒక వేలు మొలుస్తుంది, కోర్టు గీస్తే పక్కటెముకలు వస్తాయి. అలా మా గీతలతోనే ఒళ్లంతా పెంచుకుని, లేచి కూర్చుని, మమ్మల్నే "సైడుకు జరగండ్రి!" అని గదమాయిస్తాడు. ఒక పిల్ల ఎదురుతిరుగుతుంది. వాడు తరుముతాడు, ఆమె దొరకదు. పరుగెత్తి పరుగెత్తి ఆమెకు ఒక్కసారిగా అర్థమవుతుంది, వీణ్ణి కొట్టాల్సిన పనే లేదని. అమ్మాయిలంతా వచ్చి ఎవరి గీత వాళ్లు చెరిపేసుకుంటారు. వేలు పోతుంది, చేయి పోతుంది, పొట్ట పోతుంది, చివరకు మట్టిలో ఈల ఒక్కటే మిగులుతుంది. ఆ పిల్ల దాన్ని తీసి ఊదుతుంది.

పొద్దున బడి తెరవకముందే వచ్చేవాళ్లం. జమ్ములు చిన్నమ్మ ఆశా కార్యకర్త, ఆమె దగ్గర కెమెరా ఫోను ఉండేది. దాన్ని బడి మిద్దె పిట్టగోడకు చీర అంచు ముక్కతో కట్టేసి, కింద రాక్షసుణ్ణి సున్నంతో పోసేవాళ్లం, ఎదురుతిరిగే పిల్లను ఇటుక పొడితో ఎర్రగా పోసేవాళ్లం. ఒక ఫొటో తీయడం, వేపకొమ్మతో చేయి చెరపడం, కాస్త పైకి మళ్లీ పోయడం, ఇంకో ఫొటో. నడుములు పట్టేసేవి, కళ్లలో సున్నం పడి మండేది. వాన పడితే రాక్షసుడు కరిగి కాలవ కట్టేవాడు, మళ్లీ మొదటి నుంచి పోసేవాళ్లం. గొంతు జమ్ములుది, పీటీ సారు యాసనూ, మాట మధ్య దగ్గునూ అచ్చంగా దించేది. సైన్సు మేడమ్ ఆ ఫొటోలన్నీ కంప్యూటర్లో వరసగా పేర్చి, గొంతు కలిపి సినిమా చేసిపెట్టింది. మేడమ్ నవ్వలేదు. చూసి, "బాగుంది, వెయ్యండి" అంది.

పంద్రాగస్టుకు జెండా ఎగరేశాక, లడ్డూలు పంచాక, తల్లిదండ్రుల ముందు వేశాం. మొదటి "సైడుకు జరగండ్రి"కే హాలంతా గొల్లుమంది. ఆడపిల్లలు కేకలు వేశారు, తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, మగపిల్లలు సారు వైపు తిరిగి తిరిగి చూశారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా పీటీ సారు. తొడ చరుచుకుని నవ్వాడు. తనను తాను గుర్తుపట్టలేదు! తనలాంటి వాడిని రాక్షసుడని ఎవరైనా అనుకుంటారన్న ఊహే ఆ మనిషికి లేదు. సినిమా అయ్యాక మైకు తీసుకుని, "మన ఆడిపిల్లల చేతిల ఎంత కళ ఉన్నదో చూసిండ్రా? పోటీలకు వచ్చేటోళ్ల కోసం గ్రౌండంతా వీళ్లతోనే గీతలు గీపిస్త, నడుమ గీ రాక్షసుణ్ణి గూడ గీపిస్త" అని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. తిడితే అర్థమవుతుందనుకున్నాం, మెచ్చుకుని మింగేశాడు.

పోటీల రోజు పొద్దున మేం వచ్చాం. బస్తాలు పెట్టి ఉన్నాయి. మేం జెండా గద్దె దగ్గర చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. సారు ఈల ఊదాడు, మేం లేవలేదు. మళ్లీ ఊదాడు, అరిచాడు, పేర్లు కొట్టేస్తానన్నాడు. జమ్ములు ఒక్కటే మాట అంది: "మమ్ముల ఆడనియ్యి సార్, గీస్తం." ఆయన మొహం మాడిపోయింది. మగపిల్లలతో గీయించాడు. ఆ గీతలు చూడాలి! తాగినవాడి నడకే నయం. మొదటి కబడ్డీ ఆటలోనే బోనస్ గీత దగ్గర తగువు మొదలైంది. బయటి బడి సారు టేపు పెట్టి కొలిచి, మా వైపు సగం చిన్నగా ఉందని, ఇలాంటి కోర్టులో ఆడించనని తన పిల్లలను తీసుకుని పక్కకు పోయి నిలబడ్డాడు. పోటీలు ఆగిపోయాయి.

మా అమ్మలకు కబురు పోయింది. అమ్మ మగ్గం దగ్గర నుంచి అలాగే లేచి వచ్చింది, జుట్టుకు నూలు దూది అంటుకుని ఉంది. ఆ రోజు నా వీపు పగులుతుందనే అనుకున్నాను. పీటీ సారు అందరి ముందు, "మీ పిల్లకు చెప్పమ్మా, లేసి గీతలు గియ్యుమను" అన్నాడు. అమ్మ నా దగ్గరికి వచ్చి, అరచేయి తిప్పి, వేళ్లను చెంపకు రాసుకుంది. తర్వాత ఆయన వైపు తిరిగి నెమ్మదిగా అంది.

"గీతలు మీ మొగపిల్లలతోని గీపిచ్చుకోండ్రి సార్. గీ సున్నం పట్టి పట్టి మా పిల్ల చేతులు గరుకు లేసినయి, పట్టు పోగు చిక్కుతున్నది. ఆట ఆడితె పాడైతయంటిరి. సున్నం ముట్టుకుంటె కావా?"

ఎండలో నిలబడి విసిగిపోయిన పెద్దసారు కలగజేసుకుని, ఆడపిల్లల జట్టు పేరు రాసి గొడవ ముగించమన్నాడు. ఎవరి ఆట గీతలు వాళ్లే గీసుకోవాలన్నాడు. మగపిల్లలు తాడు పట్టుకుని కోర్టు మళ్లీ గీసుకున్నారు. మేం మా ఖోఖో గీతలు పోసుకున్నాం. అమ్మ మా పక్షాన మాట్లాడిందో, మగ్గం పక్షాన మాట్లాడిందో నేనెప్పుడూ అడగలేదు. నేను మళ్లీ సున్నంలో చేయి పెట్టడం చూసి కూడా, కొంగు దులుపుకుని ఇంటికి వెళ్లిపోయింది.

మేం ఓడిపోయాం. ఎదుటి జట్టు ఎన్నో ఏళ్లుగా ఆడుతోంది, మేం సందులో ఆడినవాళ్లం. కానీ జమ్ములు ఆ రోజు ఆడిన తీరుకు వేపచెట్ల కింద కూర్చున్న మగపిల్లలు కూడా లేచి నిలబడ్డారు. జట్లను ఎంపిక చేసేవాళ్లు ఆమె పేరు అడిగి తీసుకున్నారు. జిల్లా ఎంపిక ఎప్పుడో బడికి తెలియజేస్తాం, పంపండి అన్నారు. పీటీ సారుకే చెప్పారు.

ఇంతలో పత్తి పూత మొదలైంది. వాళ్ల నాన్న వచ్చి జమ్ములును తీసుకుపోయాడు, ఎంపిక రోజు మాత్రం పంపుతానని ఒట్టు వేశాడట. ఆ పిల్ల చేనులో పువ్వులకు పువ్వులు అంటిస్తూ కబురు కోసం ఎదురుచూసింది. ఎంపిక తేదీ వచ్చింది, పోయింది. సారు మగపిల్లలను బస్సెక్కించి తీసుకుపోయాడు, జమ్ములుకు కబురు పెట్టలేదు. బతుకమ్మ పూలు తెచ్చుకునే రోజుల్లో సంగతి తెలిసి నేను ఆయనను అడిగాను. "అది ఎట్ల వస్తదిలే, పత్తిల పడ్డది గద" అన్నాడు. వాళ్ల నాన్న ఒప్పుకున్నాడు. ఆ పిల్ల సిద్ధంగా ఉంది. రాదని తేల్చింది ఈయన. దసరా తర్వాత జమ్ములు బడికి రాలేదు. నేను ఆయనను క్షమించలేదు.

పోయిన నెల వేదిక మీద ఆయన నా పక్కనే కూర్చున్నాడు. రిటైరయ్యాడు, జుట్టు తెల్లబడింది, మెడలో ఈల లేదు. "వీళ్లను ప్రోత్సహించింది నేనే" అని మైకులో చెప్పుకున్నాడు. మా గ్రౌండాసురుణ్ణి తెర మీద వేశారు; ఏటా కొత్త పిల్లలకు వేసి చూపిస్తారట, పై అధికారులు వచ్చినా చూపిస్తారట. నేను హైదరాబాదులో పిల్లల కార్టూన్లకు రాక్షసుల బొమ్మలు వేస్తూ బతుకుతున్నాను కాబట్టి అది నా గొప్పగా చెప్పుకున్నారు. మా వీధిలో ఇప్పుడు మగ్గం చప్పుడు వినాలంటే వెతుక్కుంటూ పోవాలి. వేపచెట్లు లేవు, మైదానంలో సగం రేకుల షెడ్డు మింగింది, మిగిలిన సగానికి క్రికెట్ వల కట్టారు. నేను మైకు తీసుకుని, ఈ ఏడాది ఈ మైదానంలో ఆడిన ఆడపిల్లలు చేతులెత్తమన్నాను. ఒక్క చేయి లేవలేదు. ముందు వరసలో ఒక చిన్నపిల్ల, "మేము చప్పట్లు కొడ్తం మేడమ్" అంది.

బస్సెక్కగానే జమ్ములుకు ఫోన్ చేశాను. పల్లెలో కౌలుకు తీసుకున్న చేనులో పల్లీ వేసింది, కలుపు తీయిస్తోంది. శాలువా సంగతి, షీల్డు సంగతి, సారు మాటలు అన్నీ చెప్పాను. అన్నీ విని ఒక్కటే అడిగింది.

"ఆడిపిల్లల ఖోఖో టీము ఉన్నదా?"

లేదన్నాను.

"మరి గా సినిమా ఎందుకు ఏస్తున్రే వాళ్లు? బంద్ జెయ్యుమను. పోరగాండ్లతోని పాటు పోరిలు గూడ ఆడినంక ఏసుకొమ్మను."

మరునాడే హెడ్మాస్టరుకు ఫోన్ చేసి, అది మా ఆడపిల్లలం చేసుకున్న సినిమా, ఇక వెయ్యడానికి వీల్లేదని చెప్పాను. "ఎందుకు మేడమ్, బడికి ఎంత పేరొచ్చింది దానివల్ల!" అని ఆయన కంగారు పడ్డాడు. అందుకే వద్దంటున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను.